హారోబీలో ఇరుక్కున్న బొటనవేలు

శనివారం మధ్యాహ్న భోజనంలోగా ఆ తుపాకీ పుట్టుపూర్వోత్తరాలు తేల్చేయాలని ఎమ్మెట్ వాస్లర్ నిశ్చయించుకున్నాడు. ఆ సాయంత్రమే, అయోవాలోని వాళ్ల ఊరి పాత తుపాకుల సంఘంలో దాని మీద ఉపన్యాసం ఇవ్వాలి. ముందురోజు వేలంలో కొన్న నూట ఇరవై ఏళ్ల నాటి జోడుగొట్టాల తుపాకీ అది. గొట్టాల నడుమ పట్టీ మీద 'హారోబీ' అని ఇంగ్లండు పనివాడి పేరుంది. వేలంలోనే డెల్మార్ హోగ్, "అది బెల్జియంలో చేసిన చవక నకిలీ సరుకురా," అని పెదవి విరిచాడు. డెల్మార్ ఆ సంఘంలో సభ్యుడు, ఆ కౌంటీ పోలీసుల్లో డిప్యూటీ షెరీఫు కూడాను.

తుపాకీ ఖాళీదని చూసుకుని ఎమ్మెట్ గొట్టాలను విడదీసి వంటింటి బల్ల మీద పెట్టాడు. కొలత పుల్ల కనబడలేదు. గొట్టం వెడల్పు ఉజ్జాయింపుగా తెలుస్తుందని కుడి బొటనవేలు దూర్చాడు. వేలు వెళ్లింది. రాలేదు.

అతని భార్య లోరీన్ వెన్న రాసింది, సబ్బు రాసింది. వేలు ఇంకా వాచింది. అలాగే తీసుకెళితే జనం జడుసుకుంటారని గొట్టాలకు తువ్వాలు చుట్టి, కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

తువ్వాల్లో ఏముందని అక్కడ పేర్లు రాసుకునే అమ్మాయి అడిగింది. ఎమ్మెట్ అబద్ధమాడే మనిషి కాదు.

"తుపాకీ. సగమే."

"మిగతా సగం?"

"ఇంట్లో ఉంది, బ్రెడ్డు పక్కన."

ఆ అమ్మాయి కలం కింద పెట్టి వెనక గుమ్మం గుండా వెళ్లిపోయింది. అయిదు నిమిషాల్లో రోగులంతా బయట కార్ల మధ్య నిలబడి ఉన్నారు. ఒకాయన సగం కట్టిన కట్టుతోనే వచ్చేశాడు. పదో నిమిషానికి డెల్మార్ దిగాడు.

"చేతిలోది కింద పడెయ్," అన్నాడు గుమ్మం చాటునుంచి, నిబంధన ప్రకారం.

"పడెయ్యగలిగితే ఇక్కడికెందుకొస్తానురా?"

డాక్టరు వచ్చి చూసింది. వేలు నీలంగా మారుతోందని, గొట్టం కొయ్యక తప్పదని చెప్పింది.

"బొటనవేళ్లు నాకు రెండున్నాయి. హారోబీ ఒక్కటే," అన్నాడు ఎమ్మెట్.

అది బెల్జియం సరుకే, కొయ్యమన్నాడు డెల్మార్. ఓర్వలేక అంటున్నాడన్నాడు ఎమ్మెట్. వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే డాక్టరు గడియారం చూసుకుంది. లోరీన్ కళ్లజోడు పెట్టుకుని గొట్టాల మీదికి వంగింది. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు వార్తాపత్రికలో అచ్చుతప్పులు దిద్దింది.

"ఎమ్మెట్, ఈ హారోబీ బాగా పేరున్నవాడేనా?"

"చెప్పేదేముంది."

"మరి తన పేరు తనకే రాయడం రాదా? నీ తుపాకుల పుస్తకంలో ఆ పేరుకి రెండు 'ఆర్'లున్నాయి. ఇక్కడ ఒకటే ఉంది."

డెల్మార్ ముఖంలో గెలిచిన కళ లేదు. అతను ఏ గుర్తూ చూసి అన్న మాట కాదది. ఎమ్మెట్ ఏం కొన్నా బెల్జియం అనడం అతనికి అలవాటు. ఎమ్మెట్ ఆ అక్షరాల వంక కాసేపు చూశాడు. తర్వాత గొట్టాలతో సహా చెయ్యి డాక్టరు వైపు చాపాడు.

నాలుగంగుళాల ముక్క తెగింది. వేలు దక్కింది.

సాయంత్రం సంఘం కొలువైంది గాని, ఉపన్యాసం ఎవరూ అడగలేదు. సభ్యులంతా తమ తమ తుపాకులు పట్టుకుని లోరీన్ ముందు వరుసకట్టారు. సభ ముగిసేలోగా ఆవిడ మూడు దొంగ పేర్లు పట్టుకుంది. అందులో రెండు డెల్మార్‌వి.

కాఫీ మాత్రం ఎమ్మెట్ పోశాడు, ఎడమ చేత్తో.