జింటో తొమ్మిదికి మూడు వందల నలభై కవర్లు

నా చేతిలో మొదట ఏమున్నాయో చెబుతాను, చివరికి ఏం మిగిలిందో మీరే కూడుకోండి. పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో ఎనిమిదడుగుల అంగడి ఒకటి. అందులో ఫోన్ కవర్లు మూడు వందల నలభై. నటేశన్ నగర్ ఇంట్లో భార్య ఒకతె. అంగడి ఇరుకు, కవర్లు పనికిరానివి, భార్య తెలివైనది. ఈ సరుకుతో వ్యాపారం ఎటు పోతుందో నాకు ఆ రోజే తెలిసి ఉండాల్సింది.

కవర్లు పనికిరాకుండా పోవడం నా తప్పు కాదు. జింటో అని ఒక ఫోన్ కంపెనీ ఉంది. ఏడాదికి మూడు నాలుగు కొత్త ఫోన్లు దింపుతుంది. జింటో తొమ్మిది వచ్చిన వారానికే, కవర్లు టోకున వేసే మణిమారన్ నా అంగడి మెట్లెక్కాడు. బజారులో అతన్ని అప్‌డేట్ మణిమారన్ అంటారు. నిన్న చెప్పిన మాట ఇవాళ అతని దగ్గర దొరకదు.

"చెంగల్రాయన్ అన్నా, ఈ ఫోను రెండేండ్లు నిలబడతాది. కవర్లు ఎత్తి పెట్టుకో" అన్నాడు.

ఎత్తి పెట్టుకున్నాను. ఆరు వారాలకు జింటో తొమ్మిది ఆగిపోయి జింటో తొమ్మిది ప్లస్ వచ్చింది. రెండింటికీ తేడా ఒక్కటే. కెమెరా చిటికెన వేలి గోరంత పక్కకు జరిగింది. ఆ గోరంత లోతులో నా మూడు వందల నలభై కవర్లూ మునిగిపోయాయి.

మణిమారన్‌కు ఫోన్ చేశాను. "టెక్నాలజీ అన్నా. మనం అడ్డం పడితే నిలుస్తాదా?" అని, తొమ్మిది ప్లస్ కవర్లు ఎన్ని పంపమంటావని అడిగాడు.

మా బావమరిది ఉదయకుమార్‌కు మూలకుళంలో బియ్యం మండీ ఉంది. మంచివాడు. నా కష్టాలన్నీ మంచివాళ్ల వల్లనే వచ్చాయి. "దీపావళి దాకా చూడు బావా. సరుకు కదలకుంటే అంగడి మూసేసి మా మండీకి వచ్చేయ్. తూకం కాడ కూర్చుందువు" అన్నాడు. అనడమే కాదు, కుర్చీ కూడా కొన్నాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. దాని మీది పాలిథీన్ సంచి తీయకుండా కాటా పక్కన వేసి పెట్టాడు. బియ్యానికి వెళ్ళినప్పుడల్లా నేను దాన్ని చూసేవాణ్ణి, అది నన్ను చూసేది.

ఇరవై ఏళ్లు సొంత గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు బావమరిది కాటా పక్కన కూర్చోవడమంటే ఏమిటో వ్యాపారం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దీపావళికి మూడు వారాలుంది. వాన పట్టుకుంది. అంగడికి వచ్చేవాళ్లంతా వాన తగ్గేదాకా నిలబడటానికే వస్తున్నారు.

అప్పుడు నాకు ఒక లెక్క తోచింది.

మా అంగడికి నాలుగు గడపల అవతల గోవిందస్వామి ఫోన్లు అమ్ముతాడు. ఆయన దగ్గర ఇరవై రెండు జింటో తొమ్మిదులు చచ్చిన సరుకుగా పడున్నాయి. మా ఆవిడ అమ్మాయమ్మ నడిపే శుక్రవారం దీపపూజకు వచ్చే ఆడవాళ్లు కూడా సరిగ్గా ఇరవై రెండు మంది. అమ్మాయమ్మ ఏది కొంటే వాళ్లూ అదే కొంటారు. ఒక ఏడాది ఆమె నీలం బకెట్ కొంటే, నెల తిరిగేసరికి మా వీధిలో నీలం కానిది ఆకాశం ఒక్కటే మిగిలింది. ఆమె చేతిలో జింటో తొమ్మిది పెడితే ఇరవై రెండు ఫోన్లు పోతాయి. ఫోనుకు, చీరల రంగులకు తగ్గట్టు, నాలుగేసి కవర్లు. ఎనభై ఎనిమిది. కడలూరు, విళుపురంలో ఉన్న వాళ్ల చెల్లెళ్లు చూసి కొంటే మరో నూట యాభై. మిగిలిన నూట రెండూ దేవుడి పాలికి వదిలేశాను. గోవిందస్వామిని అడిగి, చూపించి తిరిగిస్తానని ఒక ఫోన్ తెచ్చాను.

చిక్కల్లా ఒకటే, అమ్మాయమ్మకు కోరల్ ఫోన్ కావాలి. కోరల్ పెద్ద కంపెనీ. ఏడాదికి ఒక్క ఫోన్ దింపుతుంది, అదీ పోయినేటి దాని తోబుట్టువులాగే ఉంటుంది.

"ఏమే, కోరల్‌లో ఏముందని?" అన్నాను అన్నం ముందు కూర్చుని. "మూడేండ్లుగా అదే ఆకారం, అదే కెమెరా, మీటలు యాడున్నాయో ఆడే ఉండాయి. ఈ ఏటిదీ మూడేండ్ల కిందటిదీ పక్కపక్కన పెడితే చేసినోడే గుర్తుపట్టలేడు. జింటోని చూడు. మూడేండ్లలో పదకొండు ఫోన్లు."

"పదకొండు ఫోన్లు దింపినోడు, పది తూర్లు తప్పు చేసినానని ఒప్పుకున్నట్టే గదా బావా."

అమ్మాయమ్మ మా మేనమామ కూతురు. పుట్టినప్పటి నుంచి నన్ను బావా అనే పిలుస్తోంది. ఆ పిలుపులో మర్యాద ఎంతో, ఎగతాళి ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

"దీంట్లో చందమామను దగ్గరికి లాగి ఫోటో తీయొచ్చు."

"చందమామ మన మిద్దె మీద ఊరికే కనపడతాడు. గ్యాసు బుక్కులో నంబరు కనపడతాదా?"

"లోకం ముందుకు పోతాండాది అమ్మాయీ."

"నీ కవర్లు పోవడం లేదే."

నేను రసం కలుపుకున్నాను. ఇక చివరి అస్త్రం తీశాను. "దీంట్లో మన తెలుగు ఉండాది."

వడ్డించే చెయ్యి ఆగింది. మా వాళ్లు పుదుచ్చేరికి వచ్చి నాలుగు తరాలు దాటింది. బడిలో తమిళం, బజారులో తమిళం. తెలుగు మా ఇళ్లల్లో నోట్లో ఉంది, కంట్లో లేదు. మాట్లాడతాం, తిడతాం, కలలు కంటాం. అక్షరం ఎదురైతే మాత్రం పక్కకు తప్పుకుని దారిస్తాం.

"అన్ని ఫోన్లల్లో ఉంటాది గదా" అంది, కానీ గొంతు మెత్తబడింది.

"దీంట్లో ఉన్నంత అందంగా ఉండదు" అని, అక్కడికక్కడే ఫోన్‌ను తెలుగులోకి మార్చాను. తెర మీద గుండ్రటి అక్షరాలు జిలేబీల్లా పరుచుకున్నాయి. ఇద్దరం చాలాసేపు చూశాం. మా అవ్వ ఉంటే కళ్లకద్దుకునేదని అమ్మాయమ్మ అంది.

తర్వాత, "దీంట్లో ఫోను చేసేది యాడ?" అంది.

ఇద్దరిలో ఎవరికీ చదవడం రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మళ్లీ తమిళంలోకి మార్చబోయాను. సెట్టింగ్స్ పళ్లచక్రం బొమ్మ గుర్తుపట్టి లోపలికి వెళ్లగలిగాను. లోపల ఊరంతా తెలుగే. కళ్లకు గంతలు కట్టుకుని అడవిలో నడిచినట్టు నడిచాను. ఒకచోట నొక్కితే అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. ఇంకోచోట నొక్కితే రంగులన్నీ పోయి తెర చావు పత్రికలా నలుపూ తెలుపూ అయింది. మూడోచోట నొక్కితే గంట మోగింది, ఆపడం తెలియక దిండు కింద పెట్టి దాని మీద కూర్చున్నాను.

"సరి, శుక్రవారం లోపల నేర్చుకుంటాలే" అన్నాను.

"నేర్చుకో. అందరి ముందర నువ్వే చూపించు" అంది. ఆ మాటలో ఉన్న మెత్తదనానికి నేను భయపడి ఉండాల్సింది.

శుక్రవారం కూడా వాన ఆగలేదు. ఇరవై రెండు మందీ తడిసిన గొడుగులు వసారాలో పెట్టి లోపలికి వచ్చారు. దీపాలు వెలిగించి, పూజ ముగించి, ఉడకబెట్టిన శనగల సుండలు ఆకుల్లో పంచాక అమ్మాయమ్మ, "మా బావ ఒక కొత్త ఫోను గురించి చెప్తాడంట, వినండి" అంది.

నేను జింటో గొప్పతనం చెప్పాను. ఎంత వేగంగా మారుతోందో చెప్పాను. కోరల్ ఎలా నిలిచిపోయిందో చెప్పాను. అందరూ సుండలు నములుతూ విన్నారు. ముందు వరసలో జయమ్మాళ్ అత్త కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఎవరూ తొందరపడటం లేదు.

"అదంతా సరే నాయనా. నా మనవడికి ఫోను చేసేది యాడ నొక్కాల?" అంది.

ఫోన్ ఎత్తాను. గుమ్మడికాయలు. నలుపూ తెలుపూ. ఒక చోట నొక్కాను, కెమెరా తెరుచుకుని నా ముక్కు రంధ్రాలు కనిపించాయి. వెనక వరసలో ఎవరో నవ్వారు. చెమటకు ఫోన్ జారబోతే, పక్కనున్న రెండు మీటలూ కలిపి గట్టిగా పట్టుకున్నాను.

ఫోన్ మాట్లాడింది.

అచ్చమైన తెలుగులో, ఆడ గొంతుతో, బడిపంతులమ్మలా మాట్లాడింది. బెదిరి ఇంకోచోట వేలు పెట్టాను, అక్కడ రాసున్నది చదివింది. చూపు ఆనని వాళ్ల కోసం ఫోన్లో పెట్టిన ఏర్పాటట, వేలు ఎక్కడ పెడితే అక్కడ చదువుతుంది, తెరవదు. ఒకసారి తాకితే చెబుతుంది, రెండుసార్లు తడితేనే వింటుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ పద్ధతి నాకు కొత్త కాదు, అయినా అందలేదు.

"ఇట్లా తే" అని అమ్మాయమ్మ ఫోన్ తీసుకుంది.

పళ్లచక్రం బొమ్మలోకి వెళ్లి మెల్లగా వేలు జరిపింది. ఫోన్ ఒక్కొక్క మాటే చదివింది. చూస్తే అర్థం కాని తెలుగు వింటే ఎందుకు అర్థం కాదు? 'ప్రదర్శన' అంది ఫోను, అమ్మాయమ్మ దాటించింది. 'ధ్వని' అంది, దాటించింది. 'భాష' అనగానే ఆగి, రెండుసార్లు తట్టింది. జాబితా తెరుచుకుంది. అందులో తమిళం తమిళంలోనే రాసి ఉంది. నేను మూడు రోజులు కన్ను పెట్టి వెతికినది, ఆమె ఒక నిమిషంలో చెవి పెట్టి పట్టుకుంది.

నేను ఊపిరి పీల్చుకుని, "చూసినారా, జింటో తొమ్మిది అంటే ఇదీ" అన్నాను. లెక్క మళ్లీ చిగురించింది. ఇరవై రెండు జతల కళ్లు ఆ ఫోన్ మీదే ఉన్నాయి.

"ఇది నాకు కావాల. నాకు కన్ను ఆనదు, ఇది చదివి చెప్తాది" అంది జయమ్మాళ్ అత్త.

"నీ ఫోను ఇట్లా ఇయ్యి అత్తా" అంది అమ్మాయమ్మ.

అత్త రవికలోంచి నాలుగేళ్ల కిందటి ఫోన్ తీసింది. మూలలు పగిలి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. అమ్మాయమ్మ దాన్ని కాసేపు నొక్కి, పక్క మీటలు రెండూ కలిపి పట్టుకుంది. అదీ మాట్లాడింది. అత్త నోట్లో సుండలు అలాగే ఆగాయి.

"కొత్తది కొనే పని లేదు అత్తా. ఇది పాత ఫోన్లల్లోనూ ఉండాది. మనమే అడగలేదు."

ఆ ఒక్క మాటతో ఇరవై రెండు ఫోన్లు, ఎనభై ఎనిమిది కవర్లు, కడలూరు, విళుపురం, దేవుడి పాలూ కూడా ఆ సాయంత్రం వానలో కొట్టుకుపోయాయి. పావుగంటలో ఇల్లంతా ఫోన్లు తలొక గొంతుతో మాట్లాడుతున్నాయి. నేను వసారాలోకి వెళ్లి గొడుగుల పక్కన నిలబడ్డాను.

అందరూ వెళ్లాక అడిగాను. "నీకు ముందే తెలుసా?"

"మాట్లాడతాదని తెలియదు. నువ్వు గోవిందస్వామి అంగడి ముందర నిలబడి వేళ్లు లెక్కపెడతాండావని మాత్రం పూలామె సోమవారమే చెప్పింది."

మరుసటి వారం జయమ్మాళ్ అత్త తన వదినను తీసుకుని అంగడికి వచ్చింది. ఆమె వెనక ఆమె వియ్యపురాలు. తర్వాత తమిళ ఇళ్ల ముసలివాళ్లు. ఫోన్ మాట్లాడించాలి, అక్షరాలు పెద్దవి చేయాలి, మనవడి నంబరు మీద మనవడి ముఖం పెట్టాలి. నేను చేస్తే గంట మోగేది. అందుకని అమ్మాయమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. పనికి ఇంతని కూలీ పెట్టింది. ఎవరూ బేరం ఆడలేదు.

రెండో రోజు కోరల్ కవర్లు తెప్పించింది. "మూడేండ్లుగా ఒకటే ఆకారమని నువ్వే చెప్పినావు గదా. చెడిపోయే సరుకు కాదు" అంది. తనకని ఒక కోరల్ ఫోన్ కూడా కొనుక్కుంది, ఎవరో వాడిన మూడేళ్ల కిందటిది, సగం కన్నా తక్కువకు. "ఈ ఏటి దానికీ దీనికీ తేడా చేసినోడికే తెలియదంటివే."

దీపావళి వచ్చింది. అంగడి నిలబడింది. చిక్కేమిటంటే ఎనిమిదడుగుల అంగడిలో, వచ్చినవాళ్లకు ఒక బెంచీ వేశాక, ఇద్దరు యజమానులకు చోటు లేదు. ఎవరు లేవాలన్నది చర్చకే రాలేదు.

ఇప్పుడు కూడుకోండి. జింటో ఫోన్ గోవిందస్వామికి తిరిగి వెళ్లింది. మూడు వందల నలభై కవర్లలో ఒకటి జయమ్మాళ్ అత్త కళ్లజోడు పెట్టుకోవడానికి తీసుకుపోయింది, ఒకటి మా బెంచీ కాలు కింద ఉంది, మూడు వందల ముప్పై ఎనిమిది అటక మీద ఉన్నాయి. అంగడి మిగిలింది, అందులో నేను మిగల్లేదు. మూలకుళంలో కాటా పక్కన ఎర్ర కుర్చీ లాభం వచ్చింది. దాని మీది పాలిథీన్ నేనింకా తీయలేదు. ఇన్నాళ్ల నా వ్యాపారంలో సరిగ్గా సరిపోయిన కవరు అదొక్కటే.