రెండు దారుల పద్యానికి మా తండా తాత్పర్యం

డిగ్రీ ఇంగ్లీషు పుస్తకంలో రెండు దారుల పద్యం ఉంది చూశారూ, దాన్ని మహబూబాబాద్ జిల్లా మొత్తంలో సరిగ్గా అర్థం చేసుకున్నది నేనొక్కణ్నే! లెక్చరర్లు చదివి చెబుతారు. నేను నడిచి చెబుతాను. మా తండా నుంచి గూడూరుకు తారు రోడ్డొకటి, అడవి బాటొకటి. రెండింటి మీదా అరిగినవి నా చెప్పులే.

పద్యంలో కవి అడవిలో దారి రెండుగా చీలిన చోట నిలబడతాడు. జనం అంతగా తొక్కని దారి పడతాడు. తర్వాత రెండోదాన్ని తలుచుకుని నిట్టూరుస్తాడు. ఎవరూ తొక్కని దారి పడితే గొప్పవాళ్లవుతారని గైడ్లలో తాత్పర్యం. అదే నిజమైతే మా తారు రోడ్డును మించింది ఉందా? వాగు మీద వంతెన కడతామని తవ్వి వదిలేసినప్పటి నుంచి దాన్ని బస్సు కూడా తొక్కడం లేదు! ఈ లెక్కన మా తండా నిండా కలెక్టర్లే ఉండాలి.

నవ్వకండి. ఆ గుంత మాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. పిల్లలకు ఈత వచ్చింది. ఆటోలను కలిసి నెట్టీ నెట్టీ ఇరుగుపొరుగు పాత పగలు మరిచిపోయారు. మా పక్కింటి భీమ్లా వాళ్ల బర్రె నీళ్లు తాగడానికి అందులోకి దిగింది. మళ్లీ గట్టెక్కేసరికి వెనకాల దూడ! పట్నంలో ఏ ఫ్లైఓవరైనా ఇంత ఇచ్చిందా?

మొన్న భీమ్లా కూతురు అఖిలకు మహబూబాబాద్‌లో డిగ్రీ పరీక్ష. ఈ పద్యం మీదే ప్రశ్న వస్తుందని చెప్పారట. రాత్రంతా వాన. పొద్దున చూస్తే వాగు నిండుగా పారుతోంది. అవతలి గట్టున ఆటో హారన్ కొడుతోంది. నిమిషం ఆలస్యమైతే గేటు మూస్తారు, పిల్ల చదువు వెనకబడుతుంది. ఇంతకన్నా మంచి సమయం ఏముంటుందని నేను పద్యం తాత్పర్యం మొదలుపెట్టాను.

"జర ఊకో తాతా! గేటు మూస్తరు!" అని అఖిల కసిరింది.

భీమ్లా బిడ్డను భుజాలకెత్తుకుని నీళ్లలోకి దిగాడు. హాల్‌టికెట్ పిల్ల పళ్ల మధ్య ఉంది.

"గట్టిగ పట్టుకో బిడ్డా! నువ్వు జారితే మీ అమ్మ నన్ను సంపుతది!"

సాయంత్రం అవే భుజాల మీద తిరిగొచ్చింది. గేటు సగం మూశాక దూరిందట.

"ఏం రాసినవే?"

"కవి ఎందుకు నిట్టూర్చిండని అడిగిండ్రు తాతా. నాకైతే సమజ్ కాలేదని రాసిన. రెండు దార్లున్నోనికి రందేంది, బాధేంది?"

నా తాత్పర్యం అక్కడే వాగులో కొట్టుకుపోయింది. కాబట్టి ఒప్పేసుకుంటున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ అడవి బాట. మా తండాకు రెండో దారి ఎన్నడూ లేదు.

బర్రె సంగతి మాత్రం నిజం. అనుమానముంటే వచ్చి దూడను చూసుకోండి. ఎట్లా వస్తారన్నది మీ తిప్పలు!