మేడ మీది వాళ్ల పాదాలు

తూనికలు, కొలతల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు హైమవతి ఆ సోమవారానికి ఛాతీ దాకా నేలలోకి దిగిపోయింది. మొదట్లో చీలమండల దాకానే ఉండేది. మోకాళ్లు దాటాక ఆమె బల్లకు కాళ్లు కోయించి పొట్టి చేశారు. నడుము దాటాక, సాయంత్రాలు ఆమెను పైకి లాగి ఇంటికి పంపే పని వాచ్‌మన్‌కీ స్వీపరుకీ అప్పగిస్తూ ఆర్డరు వేశారు. మర్నాడు పొద్దున వచ్చి తన చోట నిలబడగానే మళ్లీ అంతవరకూ దిగేది, కొన్నిసార్లు ఇంకో జానెడు. కొలతల శాఖ కాబట్టి ముద్ర వేసిన స్కేలుతోనే కొలిచేవారు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

ఆఫీసు మేడ మీద ఉంది. కింద మీరా సాహెబ్ సౌండ్ సర్వీసు. పెళ్లిళ్లకీ ఊరేగింపులకీ బాక్సులు అద్దెకిస్తాడు. హైమవతి కాళ్లు అతని షాపు సీలింగులోంచి, ఫ్యాను పక్కగా వేలాడేవి. మీరా సాహెబ్ మర్యాదస్తుడు గనుక ఆ ఫ్యాను వేయడం మానేశాడు.

ఆమె భయం వేరు. అంతకుముందు ఆ సీట్లో పనిచేసిన రాజరత్నం గారనే ఆవిడ పూర్తిగా దిగిపోయారు. అలా దిగిన మనిషి కింది అంతస్తులో తేలాలి కదా. తేలలేదు. ఎక్కడా తేలలేదు. ఆవిడ చెప్పులు మాత్రం షాపులో పడ్డాయి. ఆఫీసు వాళ్లు ఆ చోట కొత్త పలక వేయించి, ఖాళీ భర్తీ చేయమని పైకి రాశారు. హైమవతి నిలబడింది ఆ పలక మీదే. గడ్డం కూడా దిగితే లాగడానికి ఎవరికీ పట్టు దొరకదని ఆమెకు తెలుసు.

ఆఫీసులో ఇంకెవరూ దిగలేదని అందరి నమ్మకం. బల్లలన్నిటికీ నేల దాకా ఆకుపచ్చ గుడ్డలు వేలాడేవి. జనం వచ్చి కాయితాలిచ్చే బల్ల గనుక హైమవతిదానికి మాత్రం గుడ్డ లేదు. పొద్దున్నే "బాగున్నారా?" అంటే "బాగున్నామండి" అనుకునేవారు. సాయంత్రం "మీరు పదండి, నాకు కొంచెం పనుంది" అంటూ ప్రతివాళ్లూ మిగతావాళ్లను ముందు పంపాలని చూసేవారు. కష్టపడి పనిచేసే ఆఫీసని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. అధికారి పేర్రాజు గారైతే ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవరు. హోదా అనుకున్నారు.

సలహాలకు లోటు లేదు. "పొద్దున్నే కాస్త నడవండి హైమవతి గారూ" అనేవారు, ఛాతీ దాకా నేలలో ఉన్న మనిషితో. "మీకేం తక్కువండీ? మంచి ఉద్యోగం, బంగారం లాంటి పిల్లలు" అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె ఇంకో అంగుళం దిగేది. స్కేలు కళ్లెదుటే ఉన్నా ఆ రెండిటినీ కలిపి చూసినవాడు లేడు. ఈ కథలో ఒళ్లు మండే సంగతి ఇదొక్కటే.

ఆ సోమవారం మీరా సాహెబ్ కొత్త బాక్సులు పరీక్షించడానికి ఒక ఆల్బం పెట్టాడు. పాడింది ఎవరో కొత్తమ్మాయి. ఆల్బం పేరు "నాకు బాగోలేదు". పైన చెవులకు చిన్న హోరు తప్ప ఏమీ తెలియదు. హైమవతికి మాత్రం పాట అరికాళ్లలోంచి ఎక్కింది. అరికాళ్లు మాటలు కూడా వినగలవని ఏ నిబంధనలోనూ లేదు. అయినా విన్నాయి.

పొద్దున్నే లేవలేకపోయానని ఆ అమ్మాయి పాడింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదని, అందుకు కారణమేమీ లేదని పాడింది. అమ్మ ఫోన్ చేస్తే బాగున్నానని చెప్పి, పెట్టేశాక చాలాసేపు గోడకేసి చూశానని పాడింది. చివర్లో అంతా సర్దుకుంటుందని పాడేస్తుందేమోనని హైమవతి భయపడింది. పాడలేదు. మందులు వాడుతున్నానని, కొన్నాళ్లు పనిచేస్తున్నాయని, కొన్నాళ్లు చేయడం లేదని, ఇవాళ్టికి మాత్రం ఉన్నానని పాడి ఊరుకుంది.

హైమవతికి ఒళ్లు జలదరించింది. తన లోపలి సంగతి ఇంకొకరి గొంతులో, పెళ్లికెళ్లే బాక్సుల్లోంచి, ఇంత బాహాటంగా! గుడిలో హారతి ముందు కూడా ఆమె అంత నిశ్చలంగా నిలబడి ఎరగదు. ఏడుపొచ్చింది. ఏడవడం హాయిగా కూడా ఉంది. కళ్లు తుడుచుకుని నేల మీద తట్టింది.

"సాహెబ్ గారూ! ఆ పాట మళ్లీ వెయ్యరా?"

"ఏదండీ? మూడోదాండీ?" అని కిందినుంచి కేక.

"మూడోది కాదయ్యా, నాలుగోది వెయ్యి" అన్నారు పేర్రాజు గారు, ఫైలులోంచి తలెత్తకుండా.

ఆఫీసులో పెన్నులు ఆగిపోయాయి. పేర్రాజు గారు ఫైలు మూసి, తన బల్ల గుడ్డ పైకెత్తారు. మోకాళ్ల దాకా నేలలో ఉన్నారు.

"చాలా ఏళ్లయిందమ్మా" అన్నారు. "లేవడం చేతకాక కూచుంటే గౌరవం ఇస్తున్నారు. పోన్లే అని ఊరుకున్నాను."

తర్వాత క్యాషియరు గుడ్డ ఎత్తాడు. తర్వాత పక్క బల్లాయన. ఒక్కొక్కరే అందరూ ఎత్తారు. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్న మనుషులు ఒకరి మోకాళ్లు ఒకరు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు.

ఇంతలో మీరా సాహెబ్ మెట్లెక్కి వచ్చాడు. "ఎవరి కాళ్లు ఎవరివో నాకు ఎప్పట్నుంచో తెలుసండి" అన్నాడు. "మీలో మీకు తెలుసనుకున్నానండి, ఆయ్." అతని చేతిలో రాజరత్నం గారి చెప్పులున్నాయి. దుమ్ము లేకుండా తుడిచి ఉన్నాయి. "ఆ అమ్మగారున్నప్పుడు అన్నీ పెళ్లి పాటలే వేశానండి. ఈ ఆల్బం అప్పటికింకా రాలేదండి."

పాట విన్నంత మాత్రాన ఎవరూ పైకి రాలేదు. ఆ సంగతి దాచడం దేనికి? కానీ హైమవతి మర్నాడు అంతకన్నా కిందికి దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. ఆమె ఆసుపత్రిలో డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు పేర్రాజు గారు కూడా ఆమెతోపాటే చీటీ రాయించుకున్నారు. ఆకుపచ్చ గుడ్డలు తీసేశారు. పొద్దున్నే "ఎంతవరకండీ?" అని ఒకరు అడిగితే "ఇవాళ పిక్కల దాకా" అని ఇంకొకరు చెబుతున్నారు. ఆ తర్వాత టీ తాగుతున్నారు.

మొన్న పై అధికారి తనిఖీకి వచ్చారు. ఒక్కరూ లేవకపోవడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏంటండీ ఇది? ఎవరూ లేవరేం?"

"లేవలేమండి" అన్నారు పేర్రాజు గారు. "తమరెంతవరకండీ?"

పై అధికారి ఎర్రగా చూశారు. తర్వాత వరసగా అందరి కాళ్లకేసీ చూశారు.

"మా ఆఫీసు గ్రౌండ్ ఫ్లోరండి" అన్నారు. "కింద ఎవరూ లేరు."

హైమవతి తన పక్కనున్న కుర్చీ చూపించింది. ఆయన బూట్లు విప్పి, వచ్చి కూర్చుని, పాదాలు నేలకు ఆనించారు. కింద మీరా సాహెబ్ నాలుగో పాట పెట్టాడు. ఆయన పాదాలు చీలమండల దాకా మెల్లగా దిగాయి. ఎవరూ కొలవలేదు.