ఎత్తు మళ్ళ నిబంధన

ఒక పెద్ద అడవిలో చోటు చాలకపోయింది. పెద్దదైతే ఎందుకు చాలలేదని అడక్కండి, సింహంగారి చుట్టాల సంఖ్య అంతకంటే పెద్దది. అందుకని కుందేళ్ళనీ జింకలనీ వాన మొహం చూడని మెట్టకి తరలించారు. అక్కడ తోటలు కాపుకొచ్చేదాకా వారానికోసారి ఏనుగుల మీద ఆకులూ పళ్ళూ పంపిస్తామన్నారు.

తోటల అధికారిగా ఎలుగుబంటి భల్లూకరావు వచ్చాడు. వెనకే గుమాస్తా నక్క, నక్క చంకలో పాత అడవి నిబంధనలు.

"మొక్కలు మూరెడు ఎత్తు మళ్ళలోనే వేయవలెను. ఎండుటాకు కంటపడరాదు" అని నక్క చదివింది.

ఏడాదిలో ఏడు నెలలు ముసురు పట్టే పాత అడవిలో అది బంగారంలాంటి మాటే. మడి ఎత్తుగా లేకపోతే అక్కడ వేళ్ళు కుళ్ళిపోతాయి, ఆకులు ఊడవకపోతే నత్తలు చేరతాయి. మెట్టలో నత్తని చూద్దామన్నా దొరకదు.

చెవులమ్మ అనే కుందేలుకి ఐదుగురు పిల్లలు. వాళ్ళ కోసం ఆమె వేసిన మునగ మొలకలు రెండుసార్లు మాడిపోయాయి. మడి గట్టున కూర్చుని ఏడుస్తుంటే రాళ్ళ సందులోంచి ముసలి ఉడుము తల బయటపెట్టింది. అది ఆ నేలలోనే పుట్టి పెరిగింది.

"నీళ్ళు జారిపోయేదానికి మిట్ట కట్టి, నీళ్ళు నిలబడలేదని ఏడుస్తావేమ్మా? ఈడ గుంత తవ్వాల. మొక్క మొదట్లో ఎండుటాకు కప్పాల."

"రూలు ఒప్పుకోదండి."

"నీళ్ళు తాగేది రూలా, మొక్కా?"

చెవులమ్మ ఓ బండ చాటున గుట్టుగా గుంతలు తవ్వింది. ఎండలు ముదిరేసరికి ఊరంతా బీటలు వారిన ఎత్తు మళ్ళు, బండ చాటున మాత్రం పచ్చగా మునగ.

అప్పుడే సింహంగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఎక్కడైనా పచ్చని మొక్క ఉందేమో చూడమని భల్లూకరావు నక్కని తరిమాడు. ఊరంతా వెతికిన నక్క బండ చాటు తోటని పట్టేసింది.

"నియమ ఉల్లంఘనండి! నోటీసు ఇద్దామా?"

"నోటీసు తర్వాత. ముందు కొమ్మలు విరువు. ఎత్తు మళ్ళలో గుచ్చు."

"అయ్యగారండీ, నా పిల్లలు తినేది అదేనండీ!" అని చెవులమ్మ కాళ్ళావేళ్ళా పడింది.

"ఒక్క గంటకే కదమ్మా" అన్నాడు భల్లూకరావు. విరిచిన కొమ్మని గంటయ్యాక అతికించవచ్చన్న ధీమా ఆయనది.

పొద్దున్నే రావలసిన సింహంగారు ఫలహారం, కునుకు, మళ్ళీ ఫలహారం ముగించుకుని మిట్టమధ్యాహ్నం వచ్చారు. అప్పటికి కొమ్మలన్నీ వాడి వేలాడుతున్నాయి.

"ఇవి తలలు దించుకున్నాయేం?"

"తమరికి నమస్కారం పెడుతున్నాయి ప్రభూ!" అంది నక్క.

సింహంగారు మురిసిపోయారు. "ఇంత వినయంగా పండుతుంటే ఇంకా ఏనుగుల మీద తిండి పంపడం దేనికి? రేపటినుంచి ఆపేయండి."

భల్లూకరావు నోరు తెరిచాడు. ఏం చెప్పినా తన బండారమే బయటపడుతుందని మళ్ళీ మూసుకున్నాడు. ఆయన పనసపళ్ళు వచ్చేదీ ఆ ఏనుగుల మీదే.

చెవులమ్మ మోళ్ళ దగ్గర కూలబడింది. ఉడుము వచ్చి ఎండుటాకు తొలగించి చూపించింది. కింద నేల ఇంకా చల్లగా ఉంది.

"మునగని విరిస్తే చస్తాదనుకుంటివా? ఇంకా గుబురుగా వస్తాది చూడు. అందాకా పిల్లోళ్ళకి గడ్డలు తవ్వి పెడదాం, రా."

పదిహేను రోజులకి ఒక్కో మోడుకీ నాలుగేసి చిగుళ్ళు వచ్చాయి. పిల్లలు తినగా మిగిలింది కూడా. అంతలో డొక్కలు పీక్కుపోయిన భల్లూకరావు వచ్చి నిలబడ్డాడు.

"చెవులమ్మగారూ, కాస్త ఆకు..."

"గుంతకి గుప్పెడండి. తవ్వండి."

"నేను అధికారిని!"

"గోళ్ళున్నాయి కదండి."

చీమలపుట్టలు తవ్విన చెయ్యి కదా, తొలకరి నాటికి ఊళ్ళో ఇంటికో గుంత తయారైంది. ఆ తర్వాత భల్లూకరావు కడుపునిండా మునగాకు తిని నివేదిక రాయించాడు: "నిబంధన ప్రకారం మూరెడు ఎత్తు మళ్ళే నిర్మించితిమి. ఇచ్చటి నేల వైపరీత్యం వలన ఎత్తు కిందివైపునకు వచ్చినది."

సింహంగారు చదవకుండానే సంతకం పెట్టారు.

నీతి: నిబంధన ఎన్నడూ తప్పు కాదు, నేలే తప్పుగా పుడుతుంది.