పునాదిరాయి క్షేమం

కలోండుకు ఒకటే భయం. తలాపునున్న గోడ ఏదో ఒక వానకు నిద్రలో ఉన్న కూతురి మీద పడుతుందని.

ఆ భయం తీర్చడానికే అన్నట్టు, పెద్దవానలకు ముందు ఒక ఆదివారం, చర్చి వదిలే వేళకు మైకు బండి వచ్చింది. "నేటి నుంచి మన వార్డులో నా అనుమతి లేకుండా ఏ ఇంటి పునాదీ కదలడానికి వీల్లేదు!" అని వార్డు ప్రతినిధి గౌరవనీయ ములాండి గారి గొంతు ప్రకటించింది. నైరోబీకి తూర్పున ఆ మైదానమంతా నల్లరేగడి. ఎండకు పిల్ల పాదం దిగేంత నెర్రెలు విచ్చుతుంది, వానకు పులిసిన పిండిలా పొంగుతుంది. ఇన్నేళ్ళూ ఎవరి మాటా వినని ఆ మట్టి ములాండి గారి మాట వింటుందనడంలో ఆయన పార్టీలో ఎవరికీ అనుమానం లేదు.

మర్నాడే ఆయన కుడిభుజం ములీ ఇళ్ళు చూసుకుంటూ వచ్చాడు. కలోండు గోడ ముందు నిలబడి ఫోన్ ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"శభాష్, ముంబువావాళ్ళమ్మా! ఎంత చక్కటి పగులు! వార్డంతా తిరిగాను, ఫోటోలో ఇలా పడేది ఒక్కటీ లేదు. ప్రారంభోత్సవం మీ దగ్గరే."

వానలో పుట్టింది కాబట్టి పిల్ల పేరు ముంబువా. అక్కడ తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు.

"ఫోటో సంగతి సరే తమ్ముడూ. కిందటేడు ఇందులో అగ్గిపుల్ల దూరేది. ఇప్పుడు ఉగాలి సంకటి తిప్పే తెడ్డు దూరుతోంది. ఇంటి చుట్టూ చప్టా వేసి, చూరు నీళ్ళు దూరంగా పోయేలా కాలువ తీస్తే చాలు. అదెప్పుడు?"

"అన్నీ ప్రాజెక్టులో ఉన్నాయి. ముందు పునాదిరాయి పడాలిగా."

"కట్టేసిన ఇంటికి పునాదిరాయేమిటి?"

"ఇంటికి కాదక్కా. పునాదుల రక్షణకి పునాదిరాయి."

గోడకు బారెడు దూరంలో పునాదిరాయికి గొయ్యి తవ్వారు. ఆడవాళ్ళకు ములాండి గారి ముఖం అచ్చేసిన లేసో గుడ్డలు పంచారు. నడుముకు చుట్టుకుని కుర్చీల్లో కూర్చున్నాక ఆ ముఖం ఎక్కడికి వచ్చిందో చెప్పడం మర్యాద కాదు. పాస్టరు మట్టిని గద్దిస్తూ ప్రార్థన చేశాడు. ములాండి గారు లేచారు.

"మిత్రులారా! మొరం మన పార్టీ. ఎండైనా వానైనా నిలబడుతుంది. నల్లరేగడి ప్రతిపక్షం. వాన పడితే ఉబ్బుతుంది, ఎండొస్తే చీలిపోతుంది!"

చప్పట్లు మోగాయి. కలోండు కూడా కొట్టింది. చప్టా వస్తుందంటే చప్పట్లకేం కరువు?

వానలు వచ్చాయి. చప్టా రాలేదు. మట్టి పొంగి రాయిని పక్కకు ఒరగదోసింది, దాని మీద ఎవరి పేరుందో కూడా చూసుకోకుండా. ఎవడో ఫోటో తీసి, "గౌరవనీయుల పునాది కదిలింది" అని వాట్సాప్‌లో పెట్టాడు.

అప్పుడు చూడాలి ప్రభుత్వం వేగం! తెల్లారేసరికి తవ్వే యంత్రం, మొరం లారీలు, రోలరు, పసుపు టోపీ పెట్టుకుని ఇంజనీరు కిథూకా గారు, అందరూ దిగారు. కలోండు ముంబువాను చంకనేసుకుని, పిల్లకు దాచిన పాలు కూడా పోసి వాళ్ళకు టీ కాచింది. యంత్రం రాయి చుట్టూ నల్లమట్టిని బండ తగిలేదాకా తోడేసింది. మొరం నింపి, తడిపి, పొరపొరకూ అణగగొట్టారు. రాయిని తిన్నగా నిలబెట్టి చుట్టూ సిమెంటు చప్టా వేశారు. కాలువ తీశారు. ఒక్క లోపం ఉంటే ఒట్టు.

"సార్, ఇక మా ఇంటికి ఎప్పుడు మొదలు?"

"మీ ఇంటికా? ఉత్తర్వులో పునాది రక్షణ అని ఉందమ్మా."

"మా ఇంటికీ పునాది ఉంది కద సార్."

"దానికి ప్రారంభోత్సవం జరిగిందా?"

"లేదు."

"మరి పునాది ఎలా అవుతుంది? అవి ఊరికే కిందున్న రాళ్ళు."

కలోండు ఏడో తరగతితో బడి మానేసింది. ఇలాంటివి పై తరగతుల్లో చెబుతారేమో అనుకుంది.

"పోనీ, ఈ కాలువ నీళ్ళు ఎటు పోతాయి సార్?"

"రాయికి దూరంగా."

"అటు మా గోడే ఉంది!"

"దూరమే కదమ్మా, రాయికి."

టీ బాగుందని కూడా అన్నాడు.

ఆ నీళ్ళను మళ్ళించుకుందామని ఆమె గడ్డపార పట్టుకోగానే ములీ పరుగెత్తుకొచ్చాడు. "వద్దక్కా! రాయి ఆవరణలో తవ్వితే కేసవుతుంది." ఆవరణ ఎందాకా అంటే, ఆమె గడప దాకా. ఆవరణకు ఒక కాపలావాడిని కూడా వేశారు. వారం తిరిగేసరికి పగుల్లో తెడ్డు కాదు, చెయ్యే దూరింది.

రాయి నిలబడిన సందర్భంగా విజయోత్సవం పెట్టారు. కలోండును ముందుకు రానివ్వలేదు. ఆమె ఇంట్లోకి వెళ్ళి, పగుల్లోంచి మోచేతి దాకా చెయ్యి బయటికి చాపింది.

ములాండి గారికి గోడలోంచి ఒక చెయ్యి కనబడింది. రాజకీయాల్లోకి వచ్చాక ఆయన కనబడిన చేతిని వదిలింది లేదు. రెండు చేతులా పట్టుకుని ఊపారు.

"మీ ఆశీస్సులుండాలి!"

"సార్, గోడ! గోడ పడిపోతోంది! లోపల పిల్ల ఉంది!"

"తప్పకుండా, తప్పకుండా" అంటూ, ఇంకో చెయ్యి ఎక్కడైనా ఉందేమోనని ఆయన గోడంతా పైకీ కిందికీ చూశారు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. కింద, "గోడలు దాటిన అభిమానం" అని రాశారు.

కలోండు కాపలావాడిని అడిగింది. "అన్నా, గోడ చప్పుడైతే మా తలుపు కొట్టవా?"

"నా డ్యూటీ రాయికి, ముంబువావాళ్ళమ్మా" అన్నాడు. మంచివాడు, కాసేపు ఆలోచించాడు కూడా. "గోడ గనక రాయి మీద పడేట్టుంటే, కొడతాను."

అది బయటికి కాదు, లోపలికి వాలుతోంది. ఒక్క గది ఇల్లు. మంచం ఎటు జరిపినా గోడ అందుకునేంత దూరంలోనే ఉంటుంది. మొగుడు మొంబాసా రేవులో పనిలో ఉన్నాడు. వానలు తగ్గలేదు.

మీరు ఆ దారిన వెళితే రాయి సంగతి అడగకండి, అది నిక్షేపంగా ఉంటుంది. దాని వెనక్కి వెళ్ళి, "ముంబువా" అని పిలవండి. గట్టిగా వద్దు, గోడ ఉంది. పలికిందో లేదో మాత్రం చూడండి.