ఎర్ర చుక్కలు ఎక్కడికి పోయాయి

ఆ రోజు పొద్దున గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనం వేళకల్లా కారులో పాత టైమింగ్ చైను తీసి కొత్తది వేయాలి, చేతులు కడుక్కోవాలి, నాలుగింటికి భార్యను డ్రైవింగ్ పరీక్షకు పంపాలి. గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. అరిగిన చైను చేసే గలగల ఇంట్లో ఇంకెవరికీ వినపడేది కాదు గానీ, ఆయనకు మాత్రం అన్నం సయించనిచ్చేది కాదు.

"ఇవాళ్టికి దాన్ని ముట్టుకోకండి. పరీక్ష అయ్యాక మీ ఇష్టం" అంది భార్య. ఆమె నర్సు. సోమవారం నుంచి ఊరి చివర ఆసుపత్రిలో చేరాలి. అక్కడికి బస్సు లేదు, లైసెన్సు లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పింది.

"దారిలో చైను తెగితే ఏం చేస్తావు? ఇంజనంటే ఏముంది, పెద్ద గడియారం. అంతే" అన్నాడాయన.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ఇంజన్లో కింద ఒక పళ్ళ చక్రం, పైన వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టుకు ఇంకో పళ్ళ చక్రం, రెండింటినీ కలుపుతూ చైను. కిందది రెండు చుట్లు తిరిగితే పైది ఒక చుట్టు తిరగాలి. పళ్ళ లెక్క తప్పిందా, వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజన్ మూలపడుతుంది. అందుకే ఆయన పాత చైను విప్పేముందు, చక్రాల మీది గుర్తులకు ఎదురుగా ఉన్న లింకులకు భార్య గోళ్ళరంగుతో ఎర్ర చుక్కలు పెట్టాడు. తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పరిచి, అవే చుక్కలు కొత్తదానికీ పెట్టాడు. చుక్కకు గుర్తు, గుర్తుకు చుక్క కలిపి బిగించాడు. అంత శ్రద్ధగా ఆయన పెళ్ళిచూపులకు కూడా తల దువ్వుకోలేదు.

ఇక సరిచూడాలి కదా. స్పానరుతో కింది చక్రాన్ని మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. పైచక్రం మీది గుర్తు బుద్ధిగా ఇంజన్ మీది గీత దగ్గరికి వచ్చి నిలబడింది. ఎర్ర చుక్కలు మాత్రం రాలేదు. గడియారం విప్పినప్పుడు తాను పెట్టుకున్న గుర్తులు మళ్ళీ కలిస్తే తప్ప మూత వేయని మనిషి ఆయన. ఇందాక మంచినీళ్ళకు లోపలికి వెళ్ళినప్పుడు ఎవరో చెయ్యి పెట్టారని తేల్చేశాడు.

షెడ్డు గుమ్మంలో అత్తగారు స్వెటర్ అల్లుకుంటూ కూర్చుంది.

"అత్తయ్యా, మీరేమైనా దీన్ని ముట్టుకున్నారా?"

"నాకెందుకు బాబూ" అని, ఇంకో వరస అల్లి, "సూదితో ఒకసారి అలా కదిపి చూశానంతే. లోపల ఏముందోనని. అది కదల్లేదు" అంది.

ఆయన చైను విప్పి మళ్ళీ వేశాడు. తిప్పాడు. చుక్కలు రాలేదు. ఈసారి గోడ మీంచి తొంగిచూస్తున్న పక్కింటి లెక్కల మాస్టారి వైపు తిరిగాడు.

"ఇందాక వచ్చి పళ్ళు లెక్కపెట్టానండీ" అని ఒప్పుకున్నారు మాస్టారు. "వేలు పెట్టకుండా ఎలా లెక్కపెడతాం? రెండుసార్లు పెడితే రెండు రకాలుగా వచ్చింది. అది మనసులో పెట్టుకోకండి."

మూడోసారి ఆయన ఇద్దరినీ దూరంగా పంపి, లోపల గడియ పెట్టుకుని వేశాడు. అప్పుడూ అంతే. ఆయనకు ఇక తనమీద తనకే అనుమానం వచ్చింది. పోనీ, చుక్కలు కలిసేలా చైనును జరిపేస్తే సరిపోతుందేమోనని చెయ్యి చాపాడు.

"బాబూ, ఎవరు జరిపారో తర్వాత చూడచ్చు" అంది అత్తగారు కిటికీలోంచి. "ఇంతకీ ఆ ఎర్రవి ఎక్కడికి పోతున్నట్టు? అలా తిప్పుతూ పోతే తెలుస్తుంది కదా."

ఆ ప్రశ్న ఆయనకు తట్టనే లేదు. తట్టాక ఇంకేమీ తోచలేదు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని తలుపు తీశాడు. ఆయన స్పానరు తిప్పుతుంటే అత్తగారు చుక్కల మీద కన్నేసింది, మాస్టారు చుట్లు లెక్కపెట్టారు. చుక్కలు లోపలికి పోయేవి, ఇంకెక్కడో తేలేవి, గుర్తుకు దగ్గరగా వచ్చి దాటిపోయేవి.

"అయిందా?" అంటూ నర్సమ్మ తయారై వచ్చింది.

"అయిపోవచ్చింది."

ఆమె ఇంజన్ను చూసింది, మొగుడి మొహం చూసింది. "మాస్టారూ, మీ కారు తాళం ఒకసారి ఇస్తారా? మీ ఇంట్లో అక్కయ్యగారిని తోడు తీసుకెళ్తాను."

మాస్టారు తలెత్తకుండానే ఊఁ అని జేబులోంచి తీసి ఇచ్చారు. తర్వాత, "ఎన్ని అన్నాను?" అని అడిగారు. ఎవరికీ గుర్తులేదు. లెక్కన్నాక మొదటినుంచీ ఉండాలని మాస్టారు పట్టుబట్టారు. చైను మళ్ళీ విప్పి, చుక్కలు కలిపి వేశారు.

చాలాసేపటికి చుక్కలు అటు తిరిగీ ఇటు తిరిగీ, ఒకటి పైగుర్తు ముందు, ఒకటి కిందగుర్తు ముందు వచ్చి ఆగాయి. చైనులో లింకులు చక్రాల పళ్ళకంటే ఎక్కువ కాబట్టి, చుక్కలు రెండు చుట్లకే కాకుండా ఎన్నో చుట్ల తర్వాత తమ తీరికను బట్టి వస్తాయన్నమాట. ఎవరూ దాన్ని జరపలేదు.

"అయితే పొద్దున వేసిందే సరిగ్గా ఉంది" అంది అత్తగారు.

గడియారాలాయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మూతలన్నీ బిగించి, "ఇదిగో, బయల్దేరు" అని కేకేశాడు. ఇంట్లోంచి పలుకు లేదు. అప్పుడు, మధ్యాహ్నం నుంచి మొదటిసారిగా, ఆయన తన చేతి గడియారం చూసుకున్నాడు. ఐదు దాటింది. ఎవరికీ వినపడని గలగల కోసం పెళ్ళాం ఉద్యోగం పోగొట్టానే అనుకుంటూ నూనె డబ్బా మీద కూలబడ్డాడు. ఆమెకు మొహం ఎలా చూపించాలో ఆయనకు తెలియలేదు.

అంతలో మాస్టారి కారు సందులోకి వచ్చి, వెనక్కి తిరిగి, గేటులోకి తిన్నగా దూరింది. స్టీరింగు ముందు నర్సమ్మ, పక్కన మాస్టారి భార్య.

"పాసయ్యాను" అంది నర్సమ్మ దిగుతూ.

"మా కారు ఎప్పుడు వెళ్ళిందమ్మా?" అన్నారు మాస్టారు.

"తాళం మీరే ఇచ్చారు కదండీ. మీరు ఊఁ అన్నాకే అక్కయ్యగారు కూడా బయల్దేరారు."

గడియారాలాయన వెళ్ళి తమ కారులో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజన్ మొదటిసారికే స్టార్టయింది. ఎక్కడికైనా వెళ్ళవలసిన పని మాత్రం ఎవరికీ లేదు.