గోడబీరువాలో సార్జెంటు

ఆ ఉదయం సార్జెంట్ వెండెల్ ప్రూయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కిరాణా కొట్టు నుంచి వచ్చిన పెళ్లాం కోటు తగిలించడానికి పడకగదిలో గోడబీరువా తెరుస్తుంది. నెలల తరబడి సముద్రాల అవతల ఉన్న మొగుడు అందులోంచి బయటికి దూకుతాడు. ఆవిడ కెవ్వుమంటుంది. పెరట్లో బెలూన్లు పట్టుకుని నక్కి ఉన్న వీధి ఆడవాళ్లంతా ఆ కేక విని లోపలికి పరిగెత్తుకొస్తారు. ఎవరో ఒకరు వీడియో తీస్తారు, అందరూ ఏడుస్తారు. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని ఆ సైనిక క్వార్టర్స్‌లో ఇలాంటి రాకలు మామూలే. కళ్లు తుడుచుకోవడానికి రుమాళ్లు కూడా పక్కింటి డార్లీన్ ముందే పంచిపెట్టింది.

ఆ వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా, ఎవరు సామాను సర్దుకున్నా పెత్తనం డార్లీన్‌దే. ఆవిడే తన దగ్గరున్న మారుతాళంతో వెనక తలుపు తీసి, వెండెల్‌ని అతని సంచీతో సహా బీరువాలో చొక్కాల మధ్య నిలబెట్టింది.

"అబ్బాయ్, మీ మార్లా అరిచేదాకా మేం ఊపిరి కూడా పీల్చం. కాని త్వరగా అరిపించు, నాకు మోకాళ్ల నొప్పులు" అని చెప్పి వెళ్లింది.

మార్లాకు మొగుడు వచ్చేవారం గానీ రాడని చెప్పి ఉంచారు. ఆమె వచ్చింది. కోటు మంచం మీద పారేసింది. తలుపు మూసి గడియ పెట్టింది. బీరువా వంక చూడనైనా లేదు. సరే, తనే దూకుదామని వెండెల్ కాలెత్తేసరికి గదిలో మగగొంతు వినిపించింది.

"గదిలో మీరొక్కరేనా మేడమ్?"

"ఒక్కదాన్నేనండి."

"మధ్యలో ఎవరైనా వచ్చే అవకాశం ఉందా?"

"లేదండి. మావారు అసలు దేశంలోనే లేరు."

"మంచిది. చేతి గడియారం తీసేయండి. జుట్టు చెవుల వెనక్కి... ఆఁ, అలా. స్వెటర్ చేతులు పైకి మడవండి."

వెండెల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు మీద చెయ్యి వేశాడు. పలకల సందుల్లోంచి చూస్తే గదిలో మగవాడెవడూ లేడు. మార్లా లాప్‌టాప్ ఎత్తి పట్టుకుని గదంతా చూపిస్తోంది. దాని కెమెరా కన్ను బీరువా మీదుగా వెళ్లినప్పుడు అతను తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు.

"పరీక్ష రెండు గంటలు" అన్నాడు లాప్‌టాప్‌లోంచి పరీక్షకు కాపలా కాస్తున్న పెద్దమనిషి. "ఈలోగా ఇంకో మనిషి మొహం కనబడినా, గొంతు వినబడినా రద్దు. మీ ఫీజు సైనికుల భార్యల చదువు నిధి వాళ్లు కట్టారు. రెండోసారి కట్టరు. తెలుసుగా?"

"తెలుసండి." మార్లా లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టింది. "ఇవాళ పాసైతేనే ఆస్పత్రి మందుల కౌంటర్లో ఉద్యోగం. ఇక ఆగలేమని చెప్పేశారు."

వెండెల్ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. కాన్సాస్‌లో మార్లా పళ్లడాక్టరు దగ్గర పని నేర్చుకోవడం మొదలుపెడితే అతనికి బదిలీ అయింది. టెక్సాస్‌లో లెక్కల చదువు సగానికి వచ్చాక మళ్లీ బదిలీ. రెండుచోట్లా వీధివాళ్లు ముందే కేకులు కోసి అభినందించేశారు. అందుకే ఈసారి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ నిధి సంగతి ఒకసారి ఫోన్లో చెప్పబోతే తను "ఊఁ" అని మాట మార్చేయడం గుర్తొచ్చి వెండెల్‌కి సిగ్గేసింది. రెండు గంటలు కాదు, రెండు రోజులైనా చొక్కాల్లో చొక్కాలా వేలాడుతూ ఉండిపోదామని నిశ్చయించుకున్నాడు.

జేబులో ఫోన్ వణికింది. డార్లీన్. "కేక ఏదీ?" వెంటనే మరొకటి. "బతికే ఉన్నావా?"

చీకట్లో బొటనవేళ్లతో తడుముకుంటూ టైపు చేశాడు. "రావద్దు. గదిలో ఎవడో మగాడి గొంతు. మార్లా తలుపు గడియ పెట్టింది." అది పంపి, "కంగారు పడకు, పరీక్ష" అని కొట్టేలోగా, విమానంలో వచ్చినంతసేపూ పాటలు వినిపించిన ఆ ఫోన్ ప్రాణం విడిచింది.

పెరట్లో ఆ సందేశం చేతులు మారింది. ఒకరు "అయ్యో" అన్నారు, ఒకరు "నేనెప్పుడో అనుకున్నా" అన్నారు. డార్లీన్ మాత్రం తొణకలేదు.

"దొంగైతే పోలీసులు కావాలి. దొంగ కాకపోయినా పోలీసులే కావాలి. లోపల వెండెల్ ఉన్నాడు, వాడికి కోపమెక్కువ" అని మిలిటరీ పోలీసులకు ఫోన్ చేసేసింది.

జీపు ఆగిన చప్పుడు, ఆ వెనకే డార్లీన్ గుసగుస బీరువా వెనక గోడలోంచి సన్నగా వినిపించాయి. "తలుపు బద్దలుకొట్టండి, ఖర్చు నాది!"

కొంప మునిగిందనుకున్నాడు వెండెల్. పైకి చూశాడు. బీరువా కప్పులో అటక తలుపు ఉంది. అరల మీద కాలేసి, చొక్కాలు కదలకుండా పైకి పాకాడు. ఎండా చలీ ఇంట్లోకి దిగకుండా అటక మీద పరిచిన గులాబీరంగు దూదిలో మోకాళ్ల మీద నడుస్తుంటే దూలం ఒకటి కిర్రుమంది.

"ఆ చప్పుడేమిటి?" అన్నాడు లాప్‌టాప్ పెద్దమనిషి.

"ఉడుతలండి. ఈ క్వార్టర్స్ నిండా అవే."

"పెద్ద ఉడుతే!"

గ్యారేజీలోకి దిగి, షట్టరు కిందనుంచి పాక్కుంటూ వచ్చిన ఆ గులాబీరంగు ఆకారాన్ని చూసి ఓర్టెగా అనే కుర్ర పోలీసు "కదలకు! చేతులెత్తు!" అన్నాడు. వెండెల్ ఒక చెయ్యి ఎత్తాడు. రెండో చేతి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ష్! బాబ్బాబు, లోపల నా పెళ్లాం పరీక్ష రాస్తోంది. కావాలంటే బేడీలు వెయ్యి, గొంతు మాత్రం పెంచకు."

"వీడు మార్లా మొగుడే!" అంది డార్లీన్.

"మరి లోపలున్న మగాడు?"

"లాప్‌టాప్‌లో ఉన్నాడు" అన్నాడు వెండెల్.

"గుర్తింపు కార్డు చూపించండి."

"బీరువాలో, సంచీలో ఉంది."

కార్డు చూసేదాకా వదలకూడదని నిబంధన. కార్డు కోసం లోపలికి వెళ్తే పరీక్ష రద్దు. ఓర్టెగా కాసేపు ఆలోచించి బేడీలు వేసి, అతని పక్కనే గడ్డిలో కూర్చున్నాడు. వాళ్ల చుట్టూ బెలూన్లతో వీధి ఆడవాళ్లు. ఎవరూ కిక్కురుమనలేదు. గడ్డి కోసే యంత్రం వీధి మొదట్లో గుర్రుమనగానే ఓర్టెగా లేచి పరిగెత్తుకెళ్లి దాన్ని ఆపించాడు. వచ్చి కూర్చుంటూ, "మా ఆవిడా అదే నిధితో చదవాలంటోంది. పరీక్షలు కష్టమేనా?" అని గుసగుసగా అడిగాడు.

"రాసేవాళ్ల సంగతి తెలీదు" అన్నాడు వెండెల్.

చివరికి ముందు తలుపు భళ్లున తెరుచుకుంది. మార్లా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, "పాసయ్యాను! పాసయ్యాను!" అని అరుస్తూ, ఎదురొచ్చిన మొదటి మనిషిని వాటేసుకుని భోరుమంది. ఆ మనిషి ఓర్టెగా. పెరట్లోంచి దాచుకొచ్చిన ఏడుపంతా వీధి ఆడవాళ్లు అప్పుడు ఏడ్చారు. ఆమె తలెత్తి బెలూన్లు చూసింది, పోలీసుల్ని చూసింది, గడ్డిలో బేడీలతో కూర్చున్న దూదిమనిషిని చూసి నోరు వెళ్లబెట్టింది.

"వెండెల్! ఎప్పుడొచ్చావు?"

"నువ్వు రాకముందే. చెప్పే వీలు దొరకలేదు."

ఆమె నవ్వుతూ ఏడుస్తూ పక్కన కూలబడి అతని జుట్టులోని దూది ఏరసాగింది. నిజంగానే పాసయ్యావా అని అతను మళ్లీ అడిగాడు, తనే పరీక్ష రాసినవాడిలా గర్వంగా, కళ్లనీళ్లతో.

"మార్లా, వచ్చే ఏడు మళ్లీ బదిలీ అంటారేమో."

"అననీ. మందుల షాపు లేని ఊరుందా?"

డార్లీన్ తీసిన వీడియో సాయంత్రానికల్లా క్వార్టర్స్ అంతా చూశారు. నెలల తర్వాత ఇంటికొచ్చిన ఆ మొగుడు ఓర్టెగాయేనని చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు.